కృష్ణకు ఈ ఒడ్డు, ఆ ఒడ్డు: రెండు పిన్‌కోడ్ల లెక్క

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం లెక్కల ఉపాధ్యాయులు, ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట ఇల్లు వదిలి లెక్కల మాటలు వినడానికి వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. నేను గుంటూరు నుంచి వచ్చాను. వారధి మీద ట్రాఫిక్‌లో కాస్త ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి.

బోర్డు మీద రెండు సంఖ్యలు రాస్తున్నాను. 520001. దాని కింద 522001. మొదటిది చూడగానే మీలో సగం మంది గుర్తుపట్టే ఉంటారు. మీ వన్ టౌన్ పిన్‌కోడ్. రెండోది మా గుంటూరు కొత్తపేటది.

పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడు అంకెలు కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా, చివరి మూడూ పోస్టాఫీసు. తపాలా శాఖకు అంతవరకే పని. నేను మాత్రం ఈ గంటసేపు వీటిని చిరునామాలుగా కాకుండా ఉత్త సంఖ్యలుగా చూడమంటున్నాను. ఐదు లక్షల ఇరవై వేల ఒకటి. ఐదు లక్షల ఇరవై రెండు వేల ఒకటి. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒక్క అంకె తేడా. లోపల ఎంత దూరమో చూపించడానికే వచ్చాను.

వీటి గురించి ఏం చెప్పగలరు? చెప్పండమ్మా, గట్టిగా. బేసి సంఖ్యలు. అవును. వెనక నుంచి ఎవరో అంటున్నారు, అంకెలు కూడితే ఒకటి ఎనిమిది, ఇంకోటి పది అని. అదీ నిజమే. ఈ అంకెలు కూడే అలవాటు మనకు బాగా ఎక్కువ. బండి కొంటే నంబరు అంకెల మొత్తం తొమ్మిది రావాలని వేలంలో వేలకు వేలు కడతాం. అంకెల మొత్తం చెప్పేది ఒక్కటే: ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం. పదిని తొమ్మిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి, వందకూ ఒకటే, వెయ్యికీ ఒకటే మిగులుతుంది కాబట్టి అలా కుదురుతుంది. మనకు పది వేళ్లు కాక ఎనిమిది ఉండి, ఎనిమిదుల లెక్కలో రాసుకుని ఉంటే ఇవే సంఖ్యలకు వేరే అంకెలు వచ్చేవి, వేరే మొత్తం వచ్చేది. బియ్యం డబ్బాలో పోసినా గోనెసంచిలో పోసినా గింజలు అవే కదా. అంకెలు డబ్బా లాంటివి. నాకు గింజలు కావాలి.

అలాగని అంకెలతో ఆడుకున్నవాళ్లను తక్కువ చేయడం లేదు. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో స్కూలు మాస్టారుగా పనిచేసిన కాప్రేకర్ జీవితమంతా అంకెల్లోనే వెతికారు. అన్నీ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్యను తీసుకుని, దాని అంకెలతో వచ్చే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసేస్తూ పోతే చివరికి తేలే 6174ను ప్రపంచానికి చూపించింది ఆయనే. ఏ పెద్ద విశ్వవిద్యాలయం అండా లేకుండా అంత పని చేసిన మాస్టారంటే నాకు చాలా గౌరవం. ఈ రోజు మన దారి మాత్రం వేరు.

గింజ అంటే కారణాంకం. ఒక సంఖ్య ఏ ప్రధాన సంఖ్యల లబ్ధమో తెలిస్తే దాని కులగోత్రాలన్నీ తెలిసినట్టే. తెలుసుకోవడానికి చిన్నప్పుడు నేర్చుకున్న దారే ఉంది: 2, 3, 5, 7, 11, 13, ఇలా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించి చూడటం. వర్గమూలం దాకా చూస్తే చాలు. 721 వర్గం 519841, 722 వర్గం 521284. అంటే 520001కి 721 దాకా వెళ్తే సరిపోతుంది. 721 లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు 128. చేత్తో చేయగలిగిన పనే.

నేను చేశాను. ఒక రాత్రి అన్నాలయ్యాక, వంటింటి బల్ల మీద మా మనవరాలి రఫ్ నోట్సు పెట్టుకుని కూర్చున్నాను. కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. 3 పోదు, అంకెల మొత్తం ఎనిమిది. 7కి శేషం 6. 11 పోదు. 13 దగ్గర గుండె ఆగినంత పనైంది: ఐదు లక్షల ఇరవై వేలు అంటే సరిగ్గా నలభై వేల పదమూళ్లు. కానీ పక్కన ఆ ఒకటి ఉందే, శేషం 1. 29కి శేషం 2. 43కి మళ్లీ 2. 139కి కూడా 2. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయే చుట్టాల్లా ఉన్నాయి. రెండు వందలు దాటాక విసుగు మొదలవుతుంది. మూడు వందలు దాటాక, ఇక ఇది ప్రధాన సంఖ్యే అయ్యుంటుంది, పడుకుందాం అని మనసు లాగుతుంది. 307, శేషం 250. 311, శేషం 9. 313, శేషం 108. 317, శేషం 121. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 331. వేశాను. శేషం సున్నా.

ఒకమ్మాయి బోర్డు దగ్గరికి వస్తావా? రా తల్లీ. 1571ని 331తో గుణించు. మూడు వందలతో 471300. ముప్ఫైతో 47130. ఒకటితో 1571. కూడు. 520001. చూశారా, మీ ముందే అయిపోయింది. చాక్‌పీసు కూడా అరగలేదు.

మా గుంటూరు సంఖ్య కొంచెం దయగలది. 29 దగ్గర అదే ఆశ పెట్టింది: 522000 అంటే పద్దెనిమిది వేల ఇరవై తొమ్మిదులు, మళ్లీ ఆ ఒకటి అడ్డం. కానీ 109 దగ్గర లొంగిపోయింది. 522001 అంటే 109 ఇంటూ 4789. 331 అనేది 67వ ప్రధాన సంఖ్య, 109 అనేది 29వది. అంటే వన్ టౌన్‌కు 67 భాగహారాలు, కొత్తపేటకు 29.

1571, 4789 కూడా ప్రధాన సంఖ్యలే. కాబట్టి రెండు పిన్‌కోడ్లూ రెండే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాలు. వీటిని సెమీప్రైమ్‌లు అంటారు. రెండూ అలా రావడం కాకతాళీయమే, దాంట్లో మహిమేం లేదు. లబ్బీపేట 520010 తీసుకుంటే 2, 5, 149, 349 అని నాలుగు ముక్కలవుతుంది.

ఇంకో పాత వర్గీకరణ కూడా ఉంది, త్వరగా చెప్పి వెళ్లిపోతాను. ఒక సంఖ్యకు తాను కాక మిగిలిన భాజకాలన్నీ కూడాలి. 6కి 1, 2, 3 కూడితే 6, అది పరిపూర్ణ సంఖ్య. 12కి 16 వస్తుంది, దానికి సమృద్ధి. మన 520001కి 1, 331, 1571 కూడితే 1903. ఐదు లక్షల ఆస్తికి రెండు వేలు కూడా రాలేదు. అది న్యూన సంఖ్య. సెమీప్రైమ్‌లు ఇంతే, చాలా వరకు లోభులు. దీనికి పూర్తి వ్యతిరేకం 720720. దానికి 240 భాజకాలు. అలాంటి భాజకాల సంపన్నుల మీద రామానుజన్ 1915లో ఒక పెద్ద వ్యాసమే ప్రచురించారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ అమ్మాయి అర నిమిషంలో గుణించింది. నాకు విడగొట్టడానికి ఒక రాత్రి పట్టింది. వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. ఇది పాత అనుభవమే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో మన పావులూరి మల్లన దాన్ని తెలుగులోకి తెచ్చాడు, తెలుగులో లెక్కల పుస్తకానికి అంత వయసుంది. మహావీరుడు హారాల్లాంటి లబ్ధాలు కూర్చాడు: 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 11111111. గుణించమంటే ఐదో తరగతి పిల్లాడైనా చేస్తాడు. ఎనిమిది ఒకట్లు చేతిలో పెట్టి, వీటిని విడగొట్టమంటే పెద్దవాళ్లం కూడా కూర్చోవాల్సిందే.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణిత సభ జరిగింది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ వంతు వచ్చింది. ఆయన ఏమీ మాట్లాడకుండా బోర్డు దగ్గరికి వెళ్లి, 2ను 67 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేశాడు. 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చింది. బోర్డుకు ఇంకో పక్క 193707721 రాసి, దాన్ని 761838257287తో చేత్తో గుణించాడు. రెండు పక్కలా ఒకే సంఖ్య. చాక్‌పీసు పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. సభ మొత్తం చప్పట్లు కొట్టిందని చెబుతారు. అంతకు ముందు 1876లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదని నిరూపించాడు. కానీ దేనితో పోతుందో ఆయనకూ తెలియలేదు. ఎంతకాలం పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట కోల్.

ఇక్కడ ఒక సంగతి పిల్లలు గట్టిగా పట్టుకోవాలి. ఒక సంఖ్య విడిపోతుందని తెలియడం వేరు, ఎలా విడిపోతుందో తెలియడం వేరు. మొదటి ప్రశ్నకు త్వరగా, ఎక్కడా అనుమానం లేకుండా జవాబిచ్చే పద్ధతిని 2002లో కనిపెట్టింది మనవాళ్లే. ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగర్వాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఆ వార్త చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు, క్లాసులో పాఠం పక్కన పెట్టి అదే చెప్పాను. కానీ రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. మామూలు కంప్యూటర్లతో పెద్ద సంఖ్యను త్వరగా విడగొట్టే దారి ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

ఆ చేతకానితనం మీదే రహస్య సందేశాలకు తాళాలు చేశారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు పెట్టిన పద్ధతిని ఆర్ఎస్ఏ అంటారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకో, గుణించు, లబ్ధం నలుగురికీ చెప్పు, ఆ రెండింటినీ గుప్పిట్లో పెట్టుకో. నలుగురూ తాళం వేయగలరు, తీయడం నీ ఒక్కడికే తెలుసు. వాళ్లు ఆ ఏడాదే 129 అంకెల సంఖ్య ఒకటి బయటపెట్టి విడగొట్టమన్నారు. 1994లో ఇంటర్నెట్ ద్వారా కలిసిన వందలాది మంది కంప్యూటర్లు చేతులు కలిపితే విడిపోయింది. 250 అంకెల సంఖ్య 2020లో విడిపోయింది. చాలా వెబ్‌సైట్లలో ఇప్పటికీ వాడే 2048 బిట్ల సంఖ్యకు 617 అంకెలుంటాయి. దాని జోలికి ఎవరూ పోలేకపోయారు. మీరు ఫోన్‌లో కరెంటు బిల్లు కడుతున్నప్పుడు లోపల నడిచే వ్యవహారంలో ఈ జాతి సంఖ్యలకు చోటుంది. మన 520001 వాటికి చిన్న చెల్లెలు.

ఇప్పుడు మళ్లీ బోర్డు మీది రెండు సంఖ్యల దగ్గరికి వద్దాం. రెండూ సెమీప్రైమ్‌లే, రెండూ న్యూన సంఖ్యలే, నాలుగుతో భాగిస్తే రెంటికీ శేషం 1. మరి తేడా ఎక్కడుంది?

ఒక ప్రశ్న అడుగుతాను. వీటిని రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 13 అంటే 4, 9. 29 అంటే 25, 4. అలాగన్నమాట. ఏ వర్గాన్నైనా నాలుగుతో భాగిస్తే శేషం 0 లేదా 1. కాబట్టి రెండు వర్గాలు కూడితే శేషం 3 ఎప్పటికీ రాదు. ప్రధాన సంఖ్యల్లో శేషం 1 వచ్చేవన్నీ ఇలా రాయొచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640లో ఉత్తరంలో రాశాడు. నిరూపణ కోసం స్విస్ గణితవేత్త ఆయిలర్ దాకా, వందేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

మీ వన్ టౌన్ సంఖ్యకు శేషం 1, కాబట్టి పైకి అడ్డేమీ లేదు. కానీ లోపల 331 ఉంది, దానికి శేషం 3. 1571కీ 3. అలాంటి ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తాన్ని భాగించాలంటే ఆ రెండు వర్గాలనూ విడివిడిగా భాగించి తీరాలి. అప్పుడు మొత్తంలో 331 రెండుసార్లు ఉండాలి. ఉన్నది ఒక్కసారే. కాబట్టి ఎన్ని జన్మలెత్తి వెతికినా 520001 రెండు వర్గాలుగా విడిపోదు.

గుంటూరు సంఖ్యకు వద్దాం. 109కి శేషం 1, 4789కీ శేషం 1. 109 అంటే 10 వర్గం, 3 వర్గం. 4789 కోసం 69 నుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చాను. 55 దగ్గర దొరికింది: 3025 పోతే 1764, అది 42 వర్గం. ఇప్పుడు ఈ రెండు జతలను కలపాలి. కలిపే సూత్రాన్ని 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో ఇచ్చాడు, దాని పేరు భావన. రెండు వర్గాల వరకు ప్రాచీన గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ దగ్గర ముందే ఉంది. బ్రహ్మగుప్తుడిది దానికన్నా విశాలమైన సూత్రం, మనది అందులో ఒక ముక్క. 10ని 55తో గుణిస్తే 550. 3ను 42తో గుణిస్తే 126. 10ని 42తో గుణిస్తే 420. 3ను 55తో గుణిస్తే 165. మొదటి రెండింటినీ కూడి, తర్వాతి రెండింటినీ తీసేయండి: 676, 255. లేదా మొదటి రెండింటినీ తీసేసి, తర్వాతి రెండింటినీ కూడండి: 424, 585.

676 వర్గం 456976. 255 వర్గం 65025. కూడితే 522001. 424 వర్గం 179776. 585 వర్గం 342225. కూడితే 522001. ఒకే సంఖ్యకు రెండు జతలు. పైగా 676 కూడా 26కి వర్గమే. ఉత్తరం మీద అడ్రసు కింద రోజూ రాసే సంఖ్యలో ఇంత నగిషీ ఉందని తెలిశాక, నాకు కొత్తపేట మీదుగా వెళ్తుంటే ఆ బోర్డుల వైపు కళ్లు పోతూనే ఉంటాయి.

దీనికి ఆయిలర్ చూపించిన ఉపయోగం ఇంకా అందమైనది. కారణాంకాలు తెలియవనుకోండి, ఈ రెండు జతలే తెలుసు. 676లోంచి 424 తీస్తే 252. 585లోంచి 255 తీస్తే 330. ఈ రెండింటి గ.సా.భా. ఎంత నాన్నా? ఆరు. ఇప్పుడు కూడండి: 1100, 840. వీటి గ.సా.భా.? ఇరవై. ఆరులో సగం మూడు, ఇరవైలో సగం పది. మూడు వర్గం తొమ్మిది, పది వర్గం వంద. నూట తొమ్మిది! 29 భాగహారాలు అక్కర్లేకుండా 109 బయటికొచ్చింది. చప్పట్లు ఆయిలర్‌కు కొట్టండి.

ఈ కిటుకు మీ వన్ టౌన్ సంఖ్య దగ్గర చెల్లదు, దానికి ఒక్క జత కూడా లేదు. అయితే అది లోపం కాదు. రెండు కారణాంకాలకూ నాలుగుతో శేషం 3 వచ్చే సెమీప్రైమ్‌లకు బ్లమ్ సంఖ్యలని పేరుంది. మాన్యుయెల్ బ్లమ్ 1981లో ఒక చిక్కు విప్పాడు: ఒకరినొకరు నమ్మని ఇద్దరు ఫోన్‌లో బొమ్మా బొరుసా వేసుకోవడం ఎలా? నాణెం ఎగరేసి, బొమ్మ పడింది అని అవతలివాడంటే మనం ఎందుకు నమ్మాలి?

దాని సారం ఇది. విజయవాడలో ఉన్నాయనకు 331, 1571 తెలుసు. గుంటూరులో ఉన్నాయనకు 520001 మాత్రమే చెబుతాడు. నిజంగా ఆడితే వందల అంకెలుండాలి, మనం చిన్నదాంతో అర్థం చేసుకుందాం. గుంటూరు ఆయన మనసులో ఒక సంఖ్య అనుకుని, వర్గం చేసి, 520001తో భాగించి శేషం చెబుతాడు. ఈ శేషాల లెక్కలో వర్గమూలాలు రెండు కాదు, నాలుగు. అనుమానంగా చూస్తున్నారు, ఒకటికే చూపిస్తాను. 309486 తీసుకోండి. ఒకటి తగ్గిస్తే 309485, అది 331 ఇంటూ 935. ఒకటి పెంచితే 309487, అది 1571 ఇంటూ 197. ఆ రెండింటి లబ్ధంలో 331, 1571 రెండూ ఉన్నాయి, అంటే 520001 నిశ్శేషంగా పోతుంది. కాబట్టి 309486 వర్గానికి శేషం ఒకటే. ఒకటికి వర్గమూలాలు 1, 520000 ఒక జత. 309486, 210515 ఇంకో జత. ఏ జతను కూడినా 520001.

కారణాంకాలు తెలిసిన విజయవాడ ఆయన నాలుగూ కట్టగలడు. కానీ గుంటూరు ఆయన అనుకున్నది ఏ జతలోదో తెలియదు. సరిగ్గా సగానికి సగం అవకాశం, అదే నాణెం. ఒక జత చెబుతాడు. సరిపోతే విజయవాడ ఆయన గెలిచాడు. తప్పితే, గుంటూరు ఆయన దగ్గర ఇప్పుడు రెండు రకాల మూలాలూ ఉన్నాయి. వాటి తేడాకూ 520001కీ గ.సా.భా. కడితే కారణాంకం రాలిపడుతుంది. నేను గెలిచాను, ఇదిగో నీ 331 అని చెప్పగలడు. ఓడిపోయి ఉంటే ఆ మాట చెప్పలేడు. రెండు ఊళ్ల మధ్య నాణెం లేదు, పెద్దమనిషి లేడు. ఒక్క సంఖ్య మధ్యవర్తిగా నిలబడింది.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. పిల్లల కోసం బోర్డు మీద ఒకటి రాసి వెళ్తాను. పది లక్షల తొమ్మిది, 1000009. ఆయిలర్ విడగొట్టిన సంఖ్యే. ఇది 1000 వర్గం, 3 వర్గం కూడితే వస్తుంది. 972 వర్గం, 235 వర్గం కూడినా వస్తుంది. రెండు జతలూ మీ ఎదురుగా ఉన్నాయి. తీసివేతలు రెండు, కూడికలు రెండు, గ.సా.భా.లు రెండు. చాక్‌పీసు ఇక్కడే పెడుతున్నాను, ముందుగా ఎవరు లేస్తారో రండి.